బట్టమేక తావు

నేను, చిత్తారి దుర్గయ్య, తండ్రి కీర్తిశేషులు సోమయ్య, వయసు అరవై మూడు, వృత్తి అడవి జీవాల చిత్రాలు వేయడం, నివాసం హైదరాబాదు మాదన్నపేట, కూరగాయల మార్కెట్టు వెనుక గల్లీ, నా ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా ఇది. ఆర్నెల్ల నుంచి కుడిచేయి వణుకుతోంది. అందుకే నేను చెబుతుంటే నయాపూల్ కచేరీ వకీలు రామ్‌చందర్ గారు రాస్తున్నారు. చేయి వణికింది గానీ బుద్ధి వణకలేదు. ఈ పొద్దున కిటికీలో వాలిన పిచ్చుక మగదో ఆడదో, దాని ఎడమ రెక్కలో ఎన్ని ఈకలు ఊడాయో ఇప్పుడడిగినా చెబుతాను. ఇంతకంటే స్థిమితమైన మనసు ఏ కోర్టుకు కావాలి? నన్నెవరూ బలవంతపెట్టలేదు, బుజ్జగించలేదు. నా తర్వాత ఇందులోని ప్రతి దఫానూ అమలుపరిచే బాధ్యత రామ్‌చందర్ గారిది.

1. నా పెంకుటిల్లు, సామాను, పెరడు, సర్వహక్కులతో నా భార్య ఆండాలుకు చెందవలెను. మా కాపురం ముప్పై ఎనిమిదేళ్ళు. అందులో సగం నేను ఎక్కడో గడ్డిలో బోర్లా పడుకునే గడిపాను. ఒకసారి తొండను జేబులో వేసుకుని పెళ్ళివిందుకు పోయాను. అది పప్పు గంగాళం ఎక్కింది. ఆండాలు నెలరోజులు నాతో మాట్లాడలేదు, న్యాయమే. వంటింటి గోడమీద నేను గీసిన ఉడుత ఆమెది. దానిమీద సున్నం కొట్టే అధికారం ఆమెకు తప్ప మరెవరికీ లేదు.

2. అంజన్ నా బావమరిది కొడుకు. నా చిత్రాలన్నీ మూటగట్టి వ్యాపారులకు అమ్మేయాలని వాడికి మస్తు తొందర. “మామా, ఊకె గీ పిట్టలేంది, ఒక పులినన్న ఎయ్యరాదు!” అని గులుగుతుంటాడు. కనుక 1928లో వేసిన పెద్దపులి చిత్రం వాడికే దఖలుపరుస్తున్నాను. ఒక జాగీర్దారు గారి దివాన్‌ఖానాలో పొట్టుకూరి నిలబెట్టిన పులిని చూసి వేసిందది. కళ్ళు గాజువి, తోక ఇంకో పులిది. వాడు ఎవరికి అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు. మిగతా వాటి జోలికి మాత్రం రావద్దు.

3. ఆరో దఫాలోని చిత్రం కాక మిగిలిన అరవై ఒక్క చిత్రాలూ బడులకు ఇవ్వాలి. తుపాకులు వేలాడే ఏ గోడమీదా అవి వేలాడకూడదు. పిల్లలకు ఒక సంగతి ముందే చెప్పాలి. 1931 తర్వాత నేను వేసిన ప్రతి చిత్రంలో జీవం నిజం, దాని వెనుక కనబడే చోటు అబద్ధం. కృష్ణజింకల వెనుక ఉన్న గుట్టల్లో జింక వాసన కూడా లేదు. నక్కల వెనుక ఉన్న వాగు నా బుర్రలో తప్ప ఎక్కడా పారదు. ఎందుకిలా చేశానో అయిదో దఫాలో ఉంది.

4. నా కుంచెలు, రంగులు, ఇరవై రెండు నోటుపుస్తకాలు, నల్ల గొంగడి, ఇవన్నీ దబీర్‌పురా అజ్మతున్నీసాకు చెందవలెను. ఆమె నా పాత స్నేహితుడు ముష్తాక్ కూతురు. ముష్తాక్‌కూ నాకూ పదమూడేళ్ళుగా మాటల్లేవు గానీ మా ఇళ్ళ ఆడవాళ్ళు ఒక్కరోజు కూడా మాట మానలేదు. అజ్మత్ పదేళ్ళప్పటి నుంచి మా ఇంటికొచ్చి రంగులు నూరింది. ఇప్పుడు పిట్టకాళ్ళు నాకంటే బాగా వేస్తుంది. ఈ మాట ఆమె ముందు ఎప్పుడూ అనలేదు, ఇక్కడ అంటున్నాను.

గొంగడి ఉతకవద్దు. అది కప్పుకుంటేనే బట్టమేక పిట్టలు నన్ను దగ్గరికి రానిచ్చేవి. ఒకసారి కొత్త గొంగడి కప్పుకుపోతే ఆడపిట్ట మూడు రోజులు ఆ వైపే రాలేదు. నన్ను గుర్తుపట్టేదా, గొంగడినా? తెలియదు. నోటుపుస్తకాల్లో ఇలాంటి తెలియనివే ఎక్కువ. మనిషి నడుమెత్తు పక్షి, ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు, అదీ ఉత్త నేలమీద ఎందుకు పెడుతుంది? చుట్టుపక్కల ఆడది లేకపోయినా మగది గొంతు సంచి ఉబ్బించి గంటలకొద్దీ ఎవరికోసం నిలబడుతుంది? వానలు వెళ్ళాక ఎక్కడికి పోతాయి? గుడ్లు పెట్టే నెలల్లో వేట ఆపమని సర్కారుకు పద్నాలుగు అర్జీలు పెట్టాను, ఒక్కదానికీ జవాబు రాలేదు. పిట్టలూ జవాబు చెప్పలేదు గానీ వాటిమీద నాకు కోపం లేదు. అజ్మత్ అయినా కనుక్కోవాలి.

5. ఈ దఫా కోసమే ఈ వీలునామా. 1931 వానాకాలంలో బట్టమేకల తావు ఒకటి కనిపెట్టి, ఉన్నదున్నట్టు వేశాను. పగిలిన రాతిగుండు, మూడు తాటిచెట్లు, వంకర కట్ట. రెండో దఫాలోని జాగీర్దారు గారే ఆ చిత్రం కొని దివాన్‌ఖానాలో పెట్టించి, ఇట్లాంటి చోటు నిజంగా ఉందా అని అడిగారు. పదిమంది పెద్దమనుషులు చూస్తున్నారు. నాకు పొగరెక్కింది. “ఉన్నది హుజూర్, రాళ్ళు సుత లెక్కవెట్టి ఏసిన” అన్నాను. ఊరి పేరు, దారి కూడా చెప్పాను. ఆయన దగ్గర వేట దారులు చూపే ముష్తాక్ ఆ గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు.

వారం తిరగకముందే వేటకు మోటార్లు వెళ్ళాయి. తొమ్మిది పిట్టలను వరుసగా పడుకోబెట్టి, బొమ్మ వేయమని నాకు కబురు పంపారు. వేశాను. ఛీ, వేశాను! ఆ తర్వాత చచ్చిన ప్రాణిని చూసి ఒక్క గీత గీయలేదు. ఏ చిత్రంలోనూ నిజమైన చోటు వేయలేదు.

అంతటితో పోలేదు. పిట్టలు ఎట్లా దొరికాయని నయాపూల్‌లో చట్రాలు కట్టే బాషా దుకాణంలో అందరూ అడిగితే, “ఇంకెవరు, ముష్తాకే సూపిచ్చిండు” అన్నాను. అందరూ నమ్మారు. మసీదు దగ్గరా, మార్కెట్టులోనూ అతన్ని వేలెత్తి చూపారు. దుర్గయ్యే చెప్పాడని అతను ఒక్క మాట అంటే నా పని అయిపోయేది. అతను అనలేదు. ఎందుకనలేదు? నా ఇరవై రెండు పుస్తకాల్లోని అన్ని ప్రశ్నలకంటే ఇదే నన్ను ఎక్కువ తొలిచింది.

1938లో ఇంకో తావు కనబడింది, అయిదు పిట్టలు. గడ్డిలో పడుకుని చూస్తుంటే ఎదురు గట్టుమీద ముష్తాక్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు, లేచి వెళ్ళిపోయాడు. ఇక అవీ పోయాయనుకున్నాను. ఆ ఏడు అతను జాగీర్దారు మోటార్లను సరిగ్గా దానికి ఎదురు దిక్కుకు తీసుకుపోయాడు. మరుసటేడూ అంతే, ఆపై ఏడూ అంతే. కౌజు పిట్టలు తప్ప ఏమీ దొరకలేదు. ముష్తాక్ కళ్ళు పోయాయని అందరూ నవ్వారు, ఉద్యోగం ఊడింది. ఇప్పుడు దబీర్‌పురా స్టేషను దగ్గర గొడుగులు బాగుచేస్తున్నాడు. ఆ అయిదు పిట్టలు ఏడయ్యాయి.

కనుక నా మరణానంతరం ఈ దఫాను బాషా దుకాణంలో, నేను అబద్ధమాడిన చోటనే, అందరూ వినేలా రామ్‌చందర్ గారు చదవవలెను. వీలునామాలో ఇవన్నీ ఎందుకని వకీలు గారంటున్నారు. రాయమన్నాను.

6. నా ఆఖరి చిత్రం గొంతు ఉబ్బించిన మగ బట్టమేక. పిట్ట పూర్తయింది, వెనుక ఉత్త తెల్లగుడ్డ. అక్కడ అబద్ధం వేయబుద్ధి కాలేదు, నిజం వేసే ధైర్యం లేదు. ఈ చిత్రం ముష్తాక్‌కు చెందవలెను, అతను వద్దంటే అజ్మతున్నీసాకు. ఆ తావు ఎరిగినవాళ్ళం ఇద్దరమే. నేను లేవలేను. ఆ ఏడింటినీ కనిపెట్టి ఉండాలంటే ముష్తాక్ తన కూతురికి దారి చూపాలి. నా గొంగడి కప్పుకున్న పిల్లకు చూపుతాడా? చూపకపోతే అతని తప్పు కాదు, పిట్టల గతి మాత్రం అంతే. నా భయం అదొక్కటే.

7. పై దఫాలు రాస్తుండగా ఆండాలు గుమ్మంలో నిలబడి విన్నది. “నువ్వు పోయినంక సదివితే ఎవలికి లాభం? మనిషి గిప్పుడు బతికే ఉన్నడు గద!” అని, నన్ను అడగకుండానే, పాలుపోసే బీరయ్యను సైకిలుమీద దబీర్‌పురాకు తోలింది. చిరుతపులి పదడుగుల దూరంలో నడిచిపోయినప్పుడు కూడా నాకింత గుండెదడ లేదు. ఇంతటితో నేను చెప్పవలసింది అయిపోయింది.

తేదీ: 1944 ఫిబ్రవరి 19, శనివారం, మాదన్నపేట.

(వణికిన చేవ్రాలు) చిత్తారి దుర్గయ్య

సాక్షి 1: బీరయ్య, పాల వ్యాపారం, మాదన్నపేట. (వేలిముద్ర)

రాసిన రామ్‌చందర్ వకీలు గమనిక: బీరయ్య వెంట వచ్చి, రెండో సాక్షిగా ఉంటానన్న వ్యక్తికి అన్ని దఫాలూ చదివి వినిపించాను. సాక్షి సంతకం పెట్టినవారికి వీలునామా కింద ఏదీ దక్కదని, చిత్రం పోతుందని హెచ్చరించాను. ఇన్నేళ్ళూ నిజం ఎందుకు చెప్పలేదని దుర్గయ్య గారు అడగగా ఆయన, “నువ్వే చెప్తవని చూస్తున్న, దుర్గన్నా. గింత ఆలస్యమైతదనుకోలే” అన్నారు. తర్వాత నావైపు తిరిగి, “తస్వీర్ బిడ్డకే పోనీ. గొంగడి మాత్రం గిప్పుడే ఇప్పియ్యున్రి. రేపు పొద్దుగాల బిడ్డను తోల్కపోవాలె” అని సంతకం చేశారు.

సాక్షి 2: ముష్తాక్, గొడుగుల మరమ్మతు, దబీర్‌పురా.