అమ్మ చీర కోసిన చేత్తో రాస్తున్నాను

ఖానాపురం హవేలి, ఖమ్మం
ఆదివారం

అక్కకు,

నీ చెల్లె సరోజ నీ కాళ్ళకు మొక్కి రాస్తున్నది. నువ్వు, బావ, నాయన ఎట్లా ఉన్నారు? నాయన దగ్గు తగ్గిందా? ఇక్కడ మేమిద్దరం బాగున్నామని రాయాలి కదా, బాగానే ఉన్నాం. మీ మరిది ఆటో నడుపుతున్నాడు, నేను టైలర్ షాపుకు పోతున్నాను, రెండు పూటలా తింటున్నాం. అంతవరకే బాగు. నువ్వు మాట్లాడక పన్నెండు రోజులైంది, నాకు ముద్ద దిగడం లేదు.

చింపేయకు అక్కా. పూర్తిగా చదివి, అప్పుడు చింపు. బావతో మాత్రం చదివించుకోకు. ఆయన ప్రతి మాటకూ ఆగి నీ మొఖం చూస్తాడు, నీకు ఇంకా మండుతుంది. నువ్వే చదువు.

మీ ఊరి కిరాణం కొట్టు ఫోన్‌కు మూడుసార్లు చేశాను. మూడోసారి బావ వచ్చాడు. "మీ అక్క రానంటుంది పిల్లా. అమ్మ చీర ముక్కలు జేసినదానికి అమ్మ కాడ ఏం పని, గురువారం సంవత్సరీకానికి రావద్దని చెప్పు అంటుంది. నేనేం జేయాలె?" అన్నాడు. ఆ మాట విని నేను బూత్‌లోనే కింద కూర్చున్నాను. బయట ఇద్దరు ఫోన్ కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందే ఏడ్చాను, సిగ్గు కూడా కాలేదు.

ఏం జరిగిందో నా నోటితో వినలేదు నువ్వు. విను.

ఈ షాపులో అన్నీ మోటార్ మిషన్లు. మనం ఊళ్ళో తొక్కిన మిషన్ లాంటిది కాదు, కాలు తాకితే చాలు గుర్రుమని పరుగెత్తుతుంది. నేను చేరిన వారానికే పక్క మిషన్ ఆమె కొంగు మోటార్ బెల్టులో పడి మెడకు చుట్టుకుంది. ఎవరో స్విచ్ ఆపారు కాబట్టి బతికింది. మా ఓనరమ్మ అందరినీ నిలబెట్టి, "రేపటిసంది చీర కట్టుకొని వచ్చేటోళ్ళు అసలు రాకుండ్రి. డ్రెస్సు ఏసుకోండ్రి, చున్నీ గూడ వద్దు" అంది. నాకు డ్రెస్సు ఎక్కడిది? పుట్టినప్పటి నుంచి లంగా, ఓణీ, చీర. ఈ పని పోతే నేను ఈ గదిలో గోడలతో మాట్లాడుకోవాలి. ఇక్కడ పక్కింటి వాళ్ళు తలుపు తీసేది చెత్త పారబోయడానికే. వాన పడితే అదీ లేదు. అడవి కాకరకాయ వాసన చూసి ఎన్నాళ్ళయిందో, మార్కెట్‌లో ఉన్నవి ముట్టుకుంటేనే కసురుతారు.

నా పెట్టెలో కోయడానికి ఉన్నది ఒక్కటే, పెద్దకర్మ నాడు నాయన నీకొకటి ఇచ్చి, నా చేతిలో పెట్టిన అమ్మ చీర. బెల్లం రంగు, ఆకుపచ్చ అంచు. నడుమ భాగమంతా పలచబడి చినిగింది, నీకు తెలుసు. గట్టిగా ఉన్నది కొంగే. అందుకే కొంగు ముందు కోశాను. మెడకు, భుజాలకు, చేతులకు ఆ గుడ్డే పెట్టాను. తునికాకు కోతకు పోయినప్పుడు ముల్లు పట్టి చిరిగిన చోట అమ్మ నల్లదారంతో కుట్టుకున్న కుట్టు ఉంది కదా, అది విప్పలేదు. సరిగ్గా ఎడమ వైపు, గుండె మీదకు వచ్చేట్టు పెట్టుకున్నాను. అంచును చేతుల చివర వేశాను. పాత లంగా గుడ్డతో కింద ప్యాంటు కుట్టాను.

నిజం చెప్తున్నాను, అంత మంచి బట్ట నేను నా జన్మలో తొడుక్కోలేదు. వారంలో నాలుగు రోజులు అదే. షాపుకు వచ్చినవాళ్ళు "ఇది ఏ షాపులో కొన్నవమ్మా?" అని అడిగితే "మా అమ్మది" అని చెప్పేదాన్ని. అది ఒంటి మీద ఉన్నంతసేపు ఈ ఊళ్ళో నాకు ఒకరున్నారు అనిపించేది.

ముత్తమ్మ చిన్నమ్మ, చిన్నాయన కంటి ఆపరేషన్ కోసం ఇక్కడి దవాఖానాకు వచ్చిందని తెలిసి అన్నం పట్టుకొని పోయాను. ఆ డ్రెస్సులోనే పోయాను. చూడగానే గుర్తుపట్టింది. "ఓసి పిల్లా, గిది మీ అమ్మ చీర గాదే? గిట్ల కోసినవేందే! ఏడాది గూడ నిండలే. రేపు బియ్యం ఏ కొంగుల పోస్తవే?" అంది. నేను నవ్వాను అక్కా. "అది పెద్దబిడ్డ పని గదా చిన్నమ్మా, అక్క పోస్తది" అన్నాను. ఆమె నెత్తి కొట్టుకుంది.

నా తప్పు అదే. సంవత్సరీకం నాడు బిడ్డలు తల్లి చీర కట్టుకొని, కొంగులో బియ్యం తీసుకుపోయి ఆమెను పెట్టిన చోట పోస్తారని నాకు తెలుసు. కానీ నేను కళ్ళతో చూసింది నాయనమ్మది ఒక్కటే. ఆ రోజు మన మేనత్త ఒక్కతే పోసింది. పెద్దబిడ్డే పోయాలేమో అనుకున్నాను. నాయనమ్మకు కూతురంటూ ఉన్నదే ఒక్కతి అని నా మట్టిబుర్రకు తట్టలేదు. ఎంతమంది బిడ్డలుంటే అన్ని కొంగులు కావాలని చిన్నమ్మ చెప్పేదాకా తెలియదు. తెలిసి కోశాననుకుంటున్నావు నువ్వు. అమ్మ మీద ఒట్టు, తెలియకే కోశాను.

బావ మాట విన్న మరునాడు షాపుకు పోలేదు. పొద్దున కూర్చొని బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ విప్పాను. నా కుట్టు ఇంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. అన్నీ విప్పి, చినిగిన నడుమ ముక్కలు కూడా పెట్టెలోంచి తీసి, తొమ్మిది ముక్కలు వరుసగా అతికాను. మెడ దగ్గర గుండ్రంగా తీసిన ముక్క, చంకల దగ్గర కత్తిరించినవి లేవు. షాపులో పేలికల సంచిలో వేశాను కదా. పోయి అడిగితే, ఆ సంచి నిండి పొద్దున్నే దిండ్లు కుట్టే ఆయనకు పోయిందన్నారు. ఆయన దగ్గరకు పరుగెత్తాను. "ఏ దిండుల కూరిన్నో నాకేం ఎరుకమ్మా, పొద్దుటిసంది ముప్పై కుట్టిన" అన్నాడు. మా అమ్మ గుడ్డ ఎవరి తల కిందకో పోయింది. నేను ఆ దిండ్ల ముందు నిలబడి ఒక్కొక్కటి వత్తి చూశాను, పిచ్చిదానిలాగా.

ఇంటికొచ్చి కట్టుకొని చూశాను. ఒక చుట్టు వస్తున్నది, కుచ్చిళ్ళు రెండు వస్తున్నాయి. భుజం మీదకు రావడం లేదు. ఎన్నిసార్లు కట్టినా అంతే. మీ మరిది చూసి, "ఇంక సాలు సరోజా, ఇప్పెయ్" అన్నాడు. ఇప్పుడు నాకు డ్రెస్సూ లేదు, చీరా లేదు.

ఈ ఉత్తరం ముత్తమ్మ చిన్నమ్మ చేతికే ఇస్తున్నాను, రేపు వాళ్ళు ఊరికి వస్తున్నారు. ఫోన్‌లో నీకు చెప్పినందుకు ఆమెను తిట్టకు, కొంగు సంగతి ఆమె నాకు చెప్పకపోతే నేను గురువారం నాడు ఉత్త చేతులతో దిగేదాన్ని.

నువ్వు రావద్దన్నా వస్తాను అక్కా. పాల్వంచ దాటాక నా కాళ్ళు ఆగవు, నా సంగతి నీకు తెలుసు. బూర్గంపాడులో దిగి నడిచి వస్తాను. ఆ అతుకుల చీరే కట్టుకుంటాను, పైన తువ్వాల కప్పుకుంటాను, నలుగురూ నవ్వితే నవ్వనీ. ఇంట్లోకి పిలవకు, అన్నం పెట్టకు, నాతో మాట్లాడకు. అమ్మను పెట్టిన చోటికి మాత్రం నీ వెనకాల రానివ్వు. అక్కడ నీ కొంగు కొంచెం వెడల్పుగా పట్టుకో. నా దోసెడు బియ్యం అందులో పోస్తాను. నీవీ నావీ కలిపి నువ్వే పోసెయ్యి. నీకు అది కూడా ఇష్టం లేకపోతే మొఖం అటు తిప్పుకొనే కొంగు పట్టు, నేను పోసేసి వెనక్కి జరుగుతాను.

నాయనకు నా దండాలు. చల్లటి నీళ్ళు తాగనివ్వకు. బావకు నమస్కారాలు, నా వల్ల ఆయనకు నీ చేత మాటలు పడ్డాయి, మన్నించమని చెప్పు. నన్ను తిట్టి అయినా సరే, ఒక్కసారి దీవించు.

కొంగు లేని నీ చెల్లె,
సరోజ