స్విచ్చు లేని లైటు

నాయనా,

మధ్యాహ్నం కరెంటు పని చేసే మహబూబన్న వస్తాడు. ఫ్రిజ్ మీద పెట్టిన సెన్సర్ లైటు ఆయనకివ్వు. కొత్త బాత్రూంలో అదే బిగించాలి. గీజరు స్విచ్చు తలుపు బయట పెట్టమను. లైటుకు మాత్రం స్విచ్చే వద్దు. మనిషి లోపలికి పోతే వెలుగుతుంది, బయటికొచ్చిన కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది.

స్విచ్చుంటే నీ చెయ్యి ఊరుకోదు. మొన్న ప్రార్థనకొచ్చిన పాస్టరమ్మ పాత బాత్రూంలో ఉండగానే లైటు ఆర్పేశావు. ఆమె "ప్రభువా!" అని కేక పెడితే, "ఎవురమ్మా లోపల?" అని అడిగావు. ఆదివారం ప్రార్థన మళ్లీ మనింట్లోనే. ఇంకోసారి అట్లా జరిగితే ఇక ఎవరినీ పిలవనని అమ్మ అంటోంది.

కోపం తెచ్చుకోకు. ఇంట్లో అన్ని లైట్లూ ఆర్పినా, నేను చదువుకునే లైటొక్కటి నువ్వెప్పుడూ ఆర్పలేదు. అది నాకు గుర్తుంది.

నంద్యాల బస్సుకు టైమైంది. అన్నం హాట్‌బాక్సులో ఉంది.

జెస్సీ

అన్నట్టు, ఆరిందో లేదోనని తలుపు తీసి చూడొద్దు. నిన్న ఆళ్లగడ్డలో ఈ లైటు కొన్న అంగట్లో చేసినట్టు దాని కింద నిలబడి "ఇది ఆరదేందప్పా!" అని చేతులు ఊపొద్దు. నువ్వు అక్కడున్నంతసేపూ అది వెలుగుతూనే ఉంటుంది.