వెనక మెట్ల ప్రతిజ్ఞ

జూన్ 3, సోమవారం

నిన్న భవనం మీటింగులో గంటసేపు అరిచాను. ఫలితం: నన్నే భద్రతా కన్వీనర్ని చేశారు. అరిచినవాడి నోరు మూయించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఎవరూ కనిపెట్టలేదు. నేను మాత్రం ఆ ఉచ్చులో పడను!

మా వ్యాపార భవనం లెక్క ఇది. కింద చెప్పుల షాపు, ఒకటిలో దాని గోడౌను, రెండులో పళ్ళ డాక్టరు, మూడులో నా పత్రిక ఆఫీసు (నేను, ఒక టేబులు, ఒక ఫ్యాను), నాలుగులో బట్టలు కుట్టే యూనిట్. ఆ నాలుగులో ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు పనిచేస్తారు.

ముందువైపు అద్దాల లిఫ్టు, నున్నటి మెట్లు. అవి కస్టమర్లకి. వెనకవైపు చీకటి మెట్లు. అవి పనివాళ్ళకి. రేపు ముందువైపు పొగ నిండిందంటే ఆ ఇరవై ముగ్గురికీ వెనక మెట్లే గతి. ఆ మెట్ల మీద ఏముందో ఈ భవనంలో ఒక్కరికీ పట్టదు.

ఫైర్ ఆఫీసరు 21న వస్తున్నాడు. మెట్లు బాగాలేవంటే మొదట మూసేది నాలుగో అంతస్తే. తప్పు చేసేది యూనిట్ ఓనరు, పని పోయేది వాళ్ళకి. ఇదేం న్యాయం?

ప్రతిజ్ఞ, ముప్పై రోజులు (జూలై 2 దాకా):
1. రోజూ ఉదయం 9:30కి వెనక మెట్లు పై నుంచి కింది దాకా తనిఖీ.
2. లిఫ్టు ముట్టను.
3. మెట్ల మీద ఉన్న సామాను ఎవరిదైనా సరే, 24 గంటల్లో ఖాళీ!
4. ఉపన్యాసం రెండు నిమిషాలు దాటదు.

కొన్నవి: టార్చి, టేపు, విజిల్, నోట్‌బుక్కు. మా ఆవిడ నోట్‌బుక్కు చూసి, "నాలుగో నియమం ఇంట్లో కూడానా అండీ?" అంది.

జూన్ 4, మంగళవారం

9:30. సరిగ్గా!

నాలుగు: వెనక తలుపుకి తాళం! "ఏంటక్కా ఇది?" అని అడిగాను. కుట్టు యూనిట్ సూపర్‌వైజరు నాకన్నా ఆరేళ్ళు చిన్నది. అయినా భవనం మొత్తానికీ అక్కే, నాకూ అక్కే. మెడలో కొలతల టేపు తియ్యకుండా తిరుగుతుంది.

"ఓనరు వేయించాడు సార్. మధ్యలో బయటికి పోతామంట."

మనుషుల్ని లోపల పెట్టి తాళం వేస్తే దాన్ని జైలంటారు. జైలే నయం, తాళంచెవి కాపలావాడి దగ్గరుంటుంది. ఇక్కడ అది ఓనరు కారులో ఊరంతా తిరుగుతుంది.

మూడు: బాగుంది. (మలుపులో కొన్ని పుస్తకాలున్నాయి. నావే. పద్ధతిగా పేర్చి ఉన్నాయి.)
రెండు: డాక్టరుగారి పాత కుర్చీ, రోగి పడుకునేది. బల్బు లేదు.
ఒకటి: చెప్పుల డబ్బాలు, నా ఎత్తు.
కింద: తలుపు మూసుకోకుండా అడ్డంగా సగం ఇటుక.

"గాలాడదు సార్" అన్నాడు వాచ్‌మన్.

"తలుపు తెరిచి ఉంటే పొగ మెట్లలోకి పోతుంది పెద్దాయనా! మెట్లు కాస్తా పొగగొట్టం అవుతాయి!"

"ఇప్పుడు పొగ లేదు కదా సార్. ఉక్క ఉంది."

ఇటుక తీసి అవతల పారేశాను. మోకాళ్ళు భేష్. ఇన్నాళ్ళూ లిఫ్టు ఎందుకెక్కానో అర్థం కాలేదు.

జూన్ 5, బుధవారం

విజయం! ఓనరుతో ఫోనులో నలభై నిమిషాలు. (నాలుగో నియమం మెట్లకే గాని ఫోన్లకు వర్తించదు.) సాయంత్రానికి తాళం పోయింది. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే గడియ వచ్చింది. రెండో అంతస్తులో బల్బు నేనే వేశాను. పైనుంచి కుట్టేవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఇంటికెళ్ళి ఆవిడకి చెప్పాను. "మన వంటింట్లో బల్బు పోయి వారమైంది" అంది.

జూన్ 6, గురువారం

డబ్బాలు పోయాయి. చెప్పులాయన గొణుక్కుంటూనే తీయించాడు. ఇక కుర్చీ.

"డాక్టరుగారూ, మెట్ల వెడల్పు నూట ఇరవై సెంటీమీటర్లు. మీ కుర్చీ పోను మిగిలింది యాభై. ఏడో నెల అమ్మాయి ఒకతి పైన కుడుతోంది. ఆవిడ ఎలా దిగాలి?"

"తీయిస్తాను గాని కన్వీనరుగారూ, మీ కట్టలు మరి?"

"అవి పుస్తకాలండీ."

"నా కుర్చీ మీద కూడా మనుషులకి జ్ఞానదంతాలే పీకాను."

పళ్ళు పీకేవాళ్ళతో వాదన పెట్టుకోకూడదు. మనం నోరు తెరవడమే వాళ్ళకి కావాలి.

నిజానికి అవి మామూలు పుస్తకాలు కావు. 'కార్మికుల ప్రాణానికి కాపలా ఎవరు?' నేను రాసిందే. నాలుగు వందల కాపీలు. మూడేళ్ళ కిందట మా ఆవిడ, "హాల్లో మీరైనా ఉండండి, ఆ కట్టలైనా ఉండనివ్వండి" అంటే తాత్కాలికంగా తెచ్చి మలుపులో పెట్టాను. అక్కడ ఎంత జాగా మిగిలిందో కొలుద్దామనుకున్నాను. టేపు చటుక్కున వెనక్కి చుట్టుకుపోయింది. రేపు.

జూన్ 8, శనివారం

9:50. కుర్చీ పోయింది. నిన్న మోకాలు పట్టేసింది. ఇవాళ పైకి లిఫ్టులో వెళ్ళాను. లిఫ్టు కూడా భవనంలో భాగమేగా? దాని భద్రత ఎవరు చూడాలి? ఎక్కి చూశాను. భద్రంగానే ఉంది. ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను.

జూన్ 10, సోమవారం

10:15. పద్ధతి మార్చాను. మూడో అంతస్తు తలుపు దగ్గర నిలబడి పైకి అరిచాను: "అక్కా! పైన అంతా బాగేనా?"

"బాగే సార్!"

కిందికి అరిచాను: "పెద్దాయనా! కిందా?"

"బాగే సార్!"

రెండు నిమిషాల్లో నాలుగంతస్తుల తనిఖీ అయిపోయింది. ఒక్కడే మెట్లెక్కి దిగితే అది అధికారం. అందరూ పలికితే ప్రజాస్వామ్యం. విజిల్ అక్కకిచ్చేశాను. "ఏదైనా తేడా ఉంటే ఊదు" అన్నాను. పెద్ద బాధ్యతని నలుగురికీ పంచడమంటే ఇదే.

జూన్ 12, బుధవారం

తనిఖీ లేదు. వెనక మెట్ల గురించి పెద్ద వ్యాసం రాస్తున్నాను. ఆవేశం పొంగుతోంది! ముందు మెట్లకి చలువరాయి, వెనక మెట్లకి చీకటి. ఈ గీత ఎవడు గీశాడు? భవనానికి నక్షా గీసినవాడు కాదు, డబ్బున్నవాడు. ఇరవై పేజీలైంది. వ్యాసంలా కాదు, చిన్న పుస్తకంగా రావాలి. ప్రెస్సుకి పంపేశాను.

మెట్ల దగ్గరికి వెళ్ళడానికి టైము దొరకలేదు. మెట్ల కోసమేగా!

జూన్ 13, గురువారం

తనిఖీ నోట్‌బుక్కులో ఖాళీ గళ్ళు చూస్తే మనసు పాడవుతోంది. నిన్నటికి, ఇవాళ్టికి కలిపి టిక్కు పెట్టాను. దొంగ టిక్కులు వేరు. అవి ఏమీ తెలియనివాళ్ళు పెట్టేవి. నావి తెలిసినవాడి అంచనా.

జూన్ 15, శనివారం

ఉక్క. కింద తలుపు దగ్గర వాచ్‌మన్‌తో టీ తాగాను. తలుపు సగం తెరిచి ఉంది. చల్లగా గాలి. అరగంటయ్యాక చూస్తే, తలుపుకి అడ్డం ఉన్నది నేను పారేసిన ఇటుకే.

"మీరేమీ అనలేదు సార్, మంచి మనిషి" అన్నాడు.

ఇంటికెళ్ళాక ఆవిడ అడిగింది: "ఎన్ని రోజులైంది ప్రతిజ్ఞ?"

"పదమూడు."

"మెట్లు ఎన్ని రోజులు దిగారు?"

ఈ ఇంట్లో నాకు ఏనాడైనా సైద్ధాంతికంగా అండ దొరికిందా?

జూన్ 18, మంగళవారం

అక్క ఆఫీసుకొచ్చింది. "సార్, 21కి ముందు ఒకసారి మేమంతా దిగి చూసుకుంటే బాగుంటుంది. మూడు నిమిషాల్లో కింద ఉండాలంట. లేకపోతే మా ఫ్లోరు మూస్తారు."

నోట్‌బుక్కు తెరిచి చూపించాను. వరసగా టిక్కులు. "చూడక్కా, అంతా బాగుంది. భయం దేనికి?"

అక్క పేజీ వంక చాలాసేపు చూసింది. "ఇంత పద్ధతిగా ఉంటారని తెలీదు సార్" అని వెళ్ళిపోయింది. నాకు సంతోషమేసింది. ఆ ఊపులో జూలై 2 దాకా గళ్ళన్నీ నింపేశాను. పని ఒకేసారి అయిపోతే తీరికగా తనిఖీ చేసుకోవచ్చు.

జూన్ 20, గురువారం

11:10. విజిల్!

కుర్చీలోంచి లేచి పరుగెత్తాను. వెనక తలుపు తోశాను. తెరుచుకోలేదు. గట్టిగా తోస్తే జానెడు కదిలింది. అవతల మనుషులున్నారు. మెట్ల నిండా ఆడవాళ్ళు, ఒకరి వెనక ఒకరు, నాలుగో అంతస్తు దాకా ఆగిపోయి ఉన్నారు.

"పొగ ఎక్కడ?" అని అరిచాను.

"పొగ లేదు సార్, నేనే ఊదాను. చూద్దామని" అంది అక్క పై నుంచి.

ముందు ఏడో నెల అమ్మాయి. ఒక పక్క గోడ, ఒక పక్క నా కట్టలు. ఎదురుగా తిరిగితే పొట్ట పట్టడం లేదు. పక్కకి తిరిగితే అసలే పట్టడం లేదు. ఆ అమ్మాయి నవ్వాలో ఏడవాలో తెలియక రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నిలబడింది. "వెనక్కి పోనా సార్?" అని నన్నే అడిగింది.

వెనక్కి పోవడానికి దారెక్కడ? వెనక ఇరవై ఇద్దరున్నారు.

తలుపు సందులోంచి ఎలాగో దూరి, పై వరస కట్టలు నేనే ఎత్తి నా ఆఫీసులోకి విసిరాను. అప్పుడు దిగింది. అందరూ దిగాక అక్క ఫోను చూసింది. "ఆరు నిమిషాల నలభై."

మళ్ళీ మూడో అంతస్తు మలుపు దాకా ఎక్కి, మెడలో టేపు తీసి, మిగిలిన జాగాకి అడ్డంగా పట్టింది. "నలభై ఎనిమిది సార్."

డాక్టరుగారు రెండో అంతస్తు నుంచి తొంగి చూస్తున్నాడు. "నా కుర్చీ యాభై వదిలింది, కన్వీనరుగారూ!"

నాలుగో నియమం పక్కన పెట్టి ఏదో అనబోయాను. ఓనరుని, వ్యవస్థని, నక్షాని. అక్క నెమ్మదిగా అంది: "సార్, పన్నెండో పేజీ."

"ఏంటి?"

"మీ పుస్తకమే. 'మెట్ల మీద సామాను పెట్టినవాడు ఎవడైనా సరే, మెట్లు పగలగొట్టినవాడితో సమానం.' దిగేటప్పుడల్లా ఇక్కడ ఒకటి తీసుకుని చదివేదాన్ని. మా వాళ్ళకీ వినిపించాను. బాగా రాశారు సార్. అందుకే ఓనరుతో మీరు మాట్లాడుతుంటే ధైర్యమొచ్చింది."

ఆ పుస్తకానికి మూడేళ్ళలో ఒక్క పాఠకురాలు. ఆమెకి దారి మూసింది ఆ పుస్తకమే.

ఇరవై ఇద్దరు ఒకరి చేతిలోంచి ఒకరికి కట్టలు అందించుకుని పది నిమిషాల్లో కిందికి చేర్చారు. ఏడో నెల అమ్మాయి కుర్చీలో కూర్చుని లెక్కపెట్టింది. తలా ఒక కాపీ ఉంచుకున్నారు. మిగతావి చెప్పులాయన అడిగాడు. బూట్ల ముక్కుల్లో కుక్కడానికి కాయితం కావాలట. నా రెండో అధ్యాయం ఇప్పుడు పదో నంబరు బూట్లలో ఉంది.

ఇటుక నేనే తీసుకెళ్ళి ఆఫీసు టేబులు మీద పెట్టాను. పెద్దాయన, "అది మంచి ఇటుక సార్" అన్నాడు.

జూన్ 21, శుక్రవారం

ఫైర్ ఆఫీసరు వచ్చాడు. అందరూ దిగారు. రెండు నిమిషాల యాభై సెకన్లు! ఏడో నెల అమ్మాయి నాలుగో మనిషిగా దిగింది. కింద అందరం చప్పట్లు కొట్టాం. డాక్టరుగారు కూడా.

తర్వాత ఆఫీసరు నోట్‌బుక్కు అడిగాడు. ఇచ్చాను. పేజీలు తిప్పాడు.

"ఇవాళ ఇరవై ఒకటే కదండీ?"

"అవునండీ."

"జూలై ఒకటిన మెట్లు బాగుంటాయని మీకెలా తెలుసు?"

ఓనరు అక్కడే ఉన్నాడు, నా మొహం చూసి ముసిముసిగా నవ్వుతూ. ఇలాంటి టిక్కుల మీద, ఇలాంటి ఓనర్ల మీద నేను ఎన్ని పేజీలు రాశాను! ఇరవై మూడు జతల కళ్ళు నా మీద ఉన్నాయి.

"తెలీదండీ. చూడకుండా పెట్టాను" అన్నాను. నా జీవితంలో ఇంత చిన్న ఉపన్యాసం ఇదే.

ఆఫీసరు నోట్‌బుక్కు మూశాడు. "మెట్లు బాగున్నాయి. పుస్తకం బాగాలేదు. నెలలోపల చెప్పకుండా వస్తాను. ఇవాళ ఉన్నట్టు లేకపోతే నాలుగో అంతస్తు మూత."

అక్క నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది.

ఇంటికెళ్ళి మా ఆవిడకి అంతా చెప్పాను. "ఆ పిల్ల బాగుందా?" అంది. బాగుందన్నాను. "అయితే రేపు పొద్దున్నే లేవండి" అంది. వంటింట్లో బల్బు వేశాను.

జూన్ 22, శనివారం

మొదటి రోజు. మళ్ళీ!

కొత్త నోట్‌బుక్కు. పెన్ను అక్క చేతిలో. అక్క షరతు అది: నేను చూడాలి, తను రాయాలి.

9:30కి మొదలు.
నాలుగు: గడియ తోశాం, తెరుచుకుంది.
మూడు: ఖాళీ. నూట ఇరవై. కొలిచాం, రెండుసార్లు.
రెండు: బల్బు వెలుగుతోంది.
ఒకటి: ఒక్క డబ్బా. చెప్పులాయన మమ్మల్ని చూసి తనే ఎత్తుకుపోయాడు.
కింద: తలుపు మూసి ఉంది. పెద్దాయన బయట నీడలో కుర్చీ వేసుకున్నాడు. గాలి బాగానే ఉందట.

మళ్ళీ పైకి మెట్ల మీదే. మోకాళ్ళు ఏడుస్తున్నాయి. ఏడవనీ.

మూడో అంతస్తు మలుపులో ఉండగా ఫోను మోగింది. ప్రెస్సు నుంచి. "సార్, మీ వెనక మెట్ల పుస్తకం రెడీ. ఐదు వందల కాపీలు. బండిలో వేశాం. ఎక్కడ దించమంటారు?"

ఆ ఖాళీ మలుపు చూశాను. శుభ్రంగా ఉంది. గోడ వారన, పద్ధతిగా, రెండు రోజులు...

అక్క మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంటూ నిలబడింది.

"మా ఇంటికి. హాల్లో దించండి" అన్నాను.

అక్క నోట్‌బుక్కులో టిక్కు పెట్టింది.

మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.