శుక్రవారం కూర

రెంటచింతల
11 ఆగస్టు 1986

మిత్రుడు ఫరీద్‌కు,

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు జ్ఞానమ్మ మా అంతోని పేరు పలికింది. పోయినేడు వాడు సాగర్ కాలువలో మునిగి చనిపోయాక, వాణ్ని కన్న నా భార్య నోట ఆ పేరు వినడం ఇదే మొదలు. బడిలో పాఠాలు చెబుతుంది. ఇంట్లో అవసరానికి మించి మాట లేదు. మాచర్ల డాక్టరు రాసిన మాత్రలు నిద్రకే పనికొచ్చాయి.

కారణం కూర. శుక్రవారం మా ఇంట్లో మాంసం ముట్టరు, వానలు పడితే పుట్టగొడుగులు వండుతారు. అమ్మకు చూపు ఆనడం లేదు. పుట్ట మీదవనుకుని పేడదిబ్బ మీదవి కోసుకొచ్చింది. తాను ఒక్కపొద్దు కాబట్టి తినలేదు. నేను ఇల్లు చేరేసరికి జ్ఞానమ్మ తినేసి, గోడకు అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"అత్తా, గోడ ఊపిరి తీస్తంది చూడు."

"ఏందే నీ మాటలు? పామేమన్నా దూరిందా?" అని అమ్మ కర్ర అందుకుంది.

జ్ఞానమ్మ నవ్వింది. తర్వాత "అంతోనీ" అని ఏడ్చింది. సాయంత్రానికి తేరుకుని, మళ్లీ మౌనం.

దిబ్బ మీద మిగిలినవి ఎండబెట్టాను. ఈ శుక్రవారం మరియమాత పండగ. ఆపై శుక్రవారం కూరలో కలుపుతాను. ఆమెకు చెప్పను, చెబితే తినదు. మానసిక వైద్యుడివి, ఎంత వేయాలో రాయి.

నీ
శౌరి

గుంటూరు
16 ఆగస్టు

శౌరీ,

వేయొద్దు.

కొన్ని పేడగొడుగుల్లో ఉండే పదార్థం, మెదడు కణాల మధ్య కబురు మోసే సెరటోనిన్‌ను పోలి ఉంటుంది. అది చేరే చోట్లలోనే ఇదీ కూర్చుంటుందని అనుకుంటున్నారు. కొన్ని గంటలు చూపు, జ్ఞాపకం అలవాటైన దారి తప్పుతాయి. అణిచిపెట్టుకున్నది పైకి రావచ్చు. పాతికేళ్ల కిందట విదేశాల్లో తాగుడు మానలేనివాళ్లకు, చావుభయం ఉన్నవాళ్లకు ఇలాంటివి ఇచ్చి చూశారు. కొందరికి మేలైంది. రుజువు చాలకముందే పరిశోధనలు ఆగిపోయాయి. ఎప్పటికైనా మందు కావచ్చు, ఇంకా కాలేదు.

అక్కడా ముందు చెప్పి, పక్కన మనిషిని కూర్చోబెట్టి ఇచ్చేవారు. చెప్పకుండా పెడితే తనకు పిచ్చెక్కిందనుకుంటుంది. పైగా గొడుగుల్లో ప్రాణం తీసేవీ ఉన్నాయి. మత్తుపదార్థాల మీద కిందటేడు వచ్చిన చట్టం సరేసరి.

ఒరేయ్, ఎంత వేయాలని నన్నడిగావు. ఏం కనిపించిందని ఆమెనడిగావా?

ఫరీద్

రెంటచింతల
20 ఆగస్టు

ఫరీద్ అన్నయ్యకు,

మీ ఉత్తరం ఆయనే నా చేతికిచ్చారు. ఎండబెట్టినవి పొయ్యిలో వేశాను.

నాకు కనిపించింది చెబుతాను. అంతోనిని ఒడ్డుకు తెచ్చిన సాయంత్రం విలేకరి కదా, ఈయన పోస్టాఫీసు ఫోను దగ్గర నిలబడి తమ పత్రికకు వార్త చెప్పారు. "రెంటచింతలకు చెందిన బాలుడు" అన్నారు. "మా అబ్బాయి" అనలేదు. నేను వెనకే ఉన్నాను. నాకున్నది దుఃఖమే అనుకుంటూ వచ్చాను. ఆ శుక్రవారం చూస్తే, అందులో సగం ఈయన మీద కోపం.

నిన్న ఆ మాటే చెప్పాను.

"వేరేవాళ్లయితే తప్పులు రాస్తారని నేనే చెప్పా," అన్నారు.

"ఒక్క తప్పూ లేదు. పేరు, వయసు, ఊరు అన్నీ సరిగ్గానే చెప్పావు. నువ్వెవరో చెప్పలా."

"ఏడుద్దామంటే రావట్లేదు జ్ఞానా, అప్పటినుంచీ," అన్నారు. "ఆ కూర నువ్వు తినుంటే బాగుండేది," అన్నాను. అత్తయ్య నవ్వింది. ఈయన నవ్వలేదు.

సోమవారం బడికి సెలవు పెట్టాను. మొదటి బస్సుకు ఇద్దరం మీ ఆసుపత్రికి వస్తున్నాం. నేను బయట బల్ల మీద కూర్చుంటాను. ముందు ఆయన్ని లోపలికి పిలవండి.

మీ చెల్లెలు
జ్ఞానమ్మ