కొట్లో కొత్త లైట్లు

ఏమండీ, నేను పనికి వెళ్తున్నా. పదకొండింటికి కరెంటాఫీసు ఆయన వస్తాడు. కొట్లో కొత్త లైట్లు చూసి, పాత ట్యూబులైట్లు పట్టుకెళ్తాడు. అవి అప్పజెప్తేనే సర్కారు రాయితీ ఇస్తుంది. తలుపు వెనక దుప్పటిలో చుట్టి పెట్టాను, జాగ్రత్త.

మూడేళ్లుగా కుట్టు వంకరపోయినప్పుడల్లా ఆ పాత లైట్లనే తిట్టిపోశారు. నేనూ నమ్మాను. అందుకే కాళ్లరిగేలా తిరిగి ఆ పథకంలో మన కొట్టు పేరు రాయించాను.

నిన్న కొత్త లైట్లు వేసేసరికి కొట్టంతా పట్టపగల్లా అయింది. మీరు సూదిలోకి దారం ఎక్కించబోయి నాలుగుసార్లు తప్పారు. నేను చూడట్లేదనుకుని సూది పక్కన పెట్టేసి, టీ తాగొస్తానని బయటికెళ్లారు. టీ తాగలేదు, గుమ్మం పక్కనే నిలబడ్డారు. అంతా చూశాను.

ఇంక తిట్టడానికి లైటు కూడా లేదు మనకి. సాయంత్రం కళ్లాసుపత్రికి వెళ్దాం. ఈసారి వాదించకండి. అక్షరాలు పెద్దగా రాశాను, నవ్వకండి.

మరిచిపోయా, కాజాల పని ఆగకుండా పది సూదులకి దారం ఎక్కించి మెషీను మీది గుడ్డకి గుచ్చాను. ఎడమవైపువి నలుపు, కుడివైపువి నీలం.