నీవు అందుకోవలసిన నాలుగో పాదం

నా సహధర్మచారిణికి శుభాశీస్సులు. గాలిలో కలిసిపోయే మాటకు నిలువ నీడ దొరికిన దినమిది. సినిమా పాటకు ముందు వచ్చే నా పద్యాన్ని ఈ ఉదయం స్టూడియోలో టేపు మీదికి ఎక్కించారు. మూడు పాదాలు పాడి, ఇంటి అలవాటు చొప్పున ఆగిపోయాను.

"పంతులుగారూ, మర్చిపోయారా?" అని అద్దం వెనుక నుంచి రికార్డింగు ఇంజనీరు అడిగాడు.

"లేదు నాయనా, నాలుగోది మా ఇంటావిడ అందుకోవాలి."

అందరూ నవ్వారు. గాయనితో పాడిద్దామన్నాడు నిర్మాత. నేను ఒప్పుకోలేదు.

"ఆ చోటు ఖాళీగానే ఉంచుదామండీ," అన్నాడు ఇంజనీరు. "అమ్మగారు వచ్చాక ఈ టేపు వినిపిస్తూ పాడిద్దాం. రెండు గొంతులూ కలిసి ఇంకో టేపు మీదికి ఎక్కుతాయి."

నిర్మాత నెలాఖరు వరకే ఆగుతాడట. టేపు తిరిగి వినిపించినప్పుడు, ఆ ఖాళీలో నీవు ఊపిరి తీసుకుంటున్నట్టే తోచి పక్కకు చూశాను.

అమ్మాయి కాళ్ల వాపు తగ్గినదా? బరువులు ఎత్తనీయకు. నా ఉన్ని శాలువ పంపు. కాదు, నీవే తీసుకొని రా. కాన్పు సుఖంగా అయి, అమ్మాయి తేరుకున్నాకనే బయలుదేరు. తొందరేమీ లేదని మాత్రం వ్రాయలేను.

పుట్టబోయే బిడ్డ, మనం లేని నాడైనా మన గొంతులను జంటగానే వింటూ నిండు నూరేళ్లు వర్ధిల్లుగాక.