కొండవాగుకు జంట

జూన్ 4, 2013
మళ్ళీ అదే షెడ్డు. తొట్లలో అదే తడిగడ్డి వాసన. నాకు పని నేర్పిన డోనా కుర్చీ ఖాళీ — మోకాళ్ళు మొరాయించి చలికాలంలోనే రిటైరైంది. ఎన్నేళ్ళు పట్టి ఉంటుందో, చెట్లు కొరికి నీళ్ళకి కట్టలు కట్టే ఈ బీవర్లని... పొలాల్లో పట్టడం, కట్టలు కట్టి నీళ్ళు నిలుపుతాయని ఎండిపోతున్న కొండవాగుల్లో వదలడం. నాకిది మూడో వేసవి, ఆఖరిది. ఆగస్టు నుంచి మోరిస్‌విల్‌లో ఉద్యోగం, ఏసీ గది, మెడలో బ్యాడ్జీ. తలుచుకుంటేనే నీరసం.

జూన్ 9
ఆపిల్ తోట కాలవకి అడ్డుకట్ట కట్టిన బీవర్ బోనులో పడింది. తోట పెద్దాయన మర్యాదస్తుడే. "ఈసారి తిరిగొస్తే మాత్రం మీకు ఫోన్ చెయ్యను" అన్నాడు. కాల్చేస్తాడు. పర్మిట్ ఉంది.

పైన కొండవాగులో ఒంటరిగా వదిలితే అది నిలవదు, తోడు కోసం కిందికే దిగుతుంది. జత కుదర్చాలి.

జూన్ 10
పైకి చూస్తే ఆడో మగో తెలిసి చావదు. తోక కింది జిగురు గుడ్డకి రాసి వాసన చూడాలి. మగదైతే ఇంజిన్ ఆయిల్, ఆడదైతే పాత చీజ్ — మొదటి వేసవిలో డోనా పాఠం. పాత చీజ్ నేనెక్కడ చూశాను! "మూడ్రోజుల పెరుగులాగానా?" అంటే ఆమెకి అర్థం కాలేదు. మర్నాడు బూజు పట్టిన చీజ్ ముక్క, ఆయిల్ గుడ్డ తెచ్చి, నా కళ్ళు మూసి ఒకటే పరీక్ష. "ఎగైన్, హనీ..." నవ్వలేక గడ్డిలో కూలబడ్డాం. ఎంత బాగుండేదో.

జూన్ 13
తోటది ఆడది. రోడ్డు కింద తూము పూడ్చిన ఇంకో బీవర్ నిన్న వచ్చింది — మగది. ఒకే తొట్లో వేస్తే కొట్టుకోలేదు. హమ్మయ్య. పుప్పొడికి నిన్నటి నుంచి ముక్కు దిబ్బడ. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 15
కొండవాగులో వదిలాం, ఎక్కడున్నాయో తెలిసేలా తోకలకి ట్రాన్స్‌మిటర్లు కట్టి. డోనాకి ఫోటో పంపాను.

జూన్ 17
రూమ్మేట్ స్రవంతి నా బ్యాగ్ తెరిచి ఒకటే అరుపు. "ఏందే గీ వాసన! పెరుగు ఖరాబైనట్టుంది!"
'మగ' అని నేను రాసిపెట్టిన గుడ్డ. వాసన చూశాను. ముక్కు ఇవాళే తెరుచుకుంది.
ఆయిల్ కాదు. రెండూ ఆడవే.

జూన్ 18
డోనాకి ఫోన్. జరిగింది చెప్పగానే ఆమె మొదటి మాట — "ఆ రోజు నీ ముక్కు ఎలా ఉంది?" చెప్పాను. ఆమె అంది — "నాకు కాదు, ముందు తోటాయనకి చెప్పు."
సిగ్గుతో చచ్చాను. ఆమె పక్కనుంటే ఈ తప్పు చేసేదాన్నా...

జూన్ 19
తోటకి వెళ్ళి చెప్పాను. పెద్దాయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "చూద్దాంలే." అంతే.

జూన్ 23
వాగు దగ్గర ట్రాన్స్‌మిటర్ల సిగ్నల్ లేదు. సగం కొరికిన రెండు చెట్లు, అంతే. దిగుతూ వెతికాను. కింద వంతెన దగ్గర బీప్... రెండూ ఒకే చోట. విడిపోలేదు. తోట వైపే, కలిసే వెళ్తున్నాయి.
పెద్దాయనకి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తడం లేదు.